గొంతు మీద చెయ్యి

ఆటని సగంలో వదిలి వెళ్ళాం. మళ్ళీ అక్కడికే వద్దాం.

తాటిగరువు హైస్కూలు మైదానం. స్కూళ్ళ కబడ్డీ పోటీల్లో ఆఖరి ఆట. తాటిమొద్దుల మీద పలకలు పరిచి కట్టిన మంచె మీద నాగదుర్గ మైకు ముందు కూర్చుని ఉంది. ఆ మైకు సెట్టు ఆమె భర్త సత్తియ్యది. మూడేళ్ళ కిందట ఇవే పోటీల్లో, ఆఖరి రోజు సాయంత్రం, స్కూలు డాబా పక్కనున్న కొబ్బరిచెట్టు మీంచి హారన్ దించబోయి సత్తియ్య కిందపడి చచ్చిపోయాడు. షాక్ కొట్టిందని ఊరంతా అనుకుంది. నాగదుర్గ ఒక్కతే అనుకోలేదు. స్నానం చేయిస్తున్నప్పుడు అతని చీలమండ చుట్టూ వేళ్ళ గుర్తులు చూసింది. కరెంటుకి వేళ్ళుండవు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. మైకు సెట్టు అమ్మలేదు. అతని కుర్చీలో కూర్చుని, అతను చెప్పినట్టే ఆట చెప్పడం మొదలుపెట్టింది.

ఈ ఏడు కేబుల్ చంద్రరావు వీడియో కెమెరా తెచ్చి ఆటని చుట్టుపక్కల ఊళ్ళ టీవీల్లో చూపిస్తున్నాడు. హారన్ల మోతకి కెమెరాలో మాట గుయ్యిమంటోందని, చంద్రరావే నాగదుర్గ యాంప్లిఫైయర్ నుంచి విడిగా ఒక తీగ లాక్కుని, స్కూలు గోడ మీదుగా తన కేబుల్ ఆఫీసుకి తీసుకెళ్ళాడు. పొద్దున్న మిల్లు వెంకటరాజు కబురు పంపాడు. ఆయన పోటీల కమిటీకి ప్రెసిడెంటు. ఆయన కొడుకు చినబాబు తాటిగరువు జట్టుకి కెప్టెను. "మన ఊరి మైకు మన ఊరి మాటే చెప్పాలని చెప్పు ఆ దుర్గకి" అన్నాడట. ఇంటర్వెల్ అయ్యేసరికి ఎదుటి జట్టు, మెట్టరేవు స్కూలు, పాయింట్లలో ముందుంది.

అక్కడ ఆపాం.

"ఆట మొదలయ్యే ముందు చిన్న మనవండి" అంది నాగదుర్గ మైకులో. "మంచె దగ్గర ఎర్ర రబ్బరు చెప్పు ఒక్కటి దొరికింది. రెండోది ఎవరి కాలికుందో వాళ్ళు వచ్చి పట్టుకెళ్ళండి. ఒంటి చెప్పుతో ఇంటికెళ్తే ఆడాళ్ళు అడుగుతారు, సమాధానం చెప్పుకోలేరు."

జనం నవ్వారు. డాబా మీద కూర్చున్న కుర్రాళ్ళు ఈల వేశారు. డ్రిల్లు మాస్టారు శివరామకృష్ణ గీత దగ్గర నిలబడి తెల్ల టోపీ సర్దుకున్నాడు. రిఫరీ ఆయనే. మంచె వైపు చూసి చెయ్యెత్తాడు, మొదలెట్టమన్నట్టు. సత్తియ్య పోయాక ఏ స్కూల్లో ఆటలు జరిగినా, మైకు నాగదుర్గకే ఇవ్వాలని పట్టుబట్టి ఇప్పించిన మనిషి ఆయన. దినాలన్నాళ్ళూ గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు. సొంత అన్న కూడా అంత ఏడవలేదు.

విజిల్ మోగింది.

కబడ్డీ చెప్పడంలో సత్తియ్యకి ఒక పద్ధతి ఉండేది. కూతకెళ్ళే కుర్రాడు ఊపిరి పీల్చినప్పుడే తనూ పీల్చేవాడు. ఆ కుర్రాడి కూత ఆగేదాకా తన మాటా ఆగేది కాదు. ఒకే ఊపిరి. చేలో ఉన్నవాడికైనా, వంటింట్లో ఉన్న ఆడమనిషికైనా, చెట్ల మీది హారన్లలో మాట ఆగిందంటే అక్కడ కుర్రాడి ఊపిరి కూడా అయిపోయిందని తెలిసిపోయేది. నాగదుర్గ ఆ పద్ధతి వదల్లేదు. మొదట్లో కళ్ళు తిరిగేవి. ఇప్పుడు అలవాటైంది.

జయపాల్ కూతకి బయల్దేరాడు. సన్నటి కుర్రాడు. మెట్టరేవుకి పొద్దుట్నుంచీ వచ్చిన పాయింట్లలో సగం వాడివే. నాగదుర్గ ఊపిరి పీల్చింది.

"జయపాల్ గీత దాటాడండి, మెట్టరేవు జయపాల్, జ్ఞానమ్మ గారబ్బాయి, ఎడమ వైపుకెళ్ళాడు, కాలు చాపాడు, అందలేదు, వెనక్కొచ్చాడు, మూల్లో చినబాబు కాచుకున్నాడు చూడండి, జయపాల్ లోపలికెళ్ళాడు, ఇంకా లోపలికి, ఇంత ధైర్యం దేనికిరా అబ్బాయ్, తిరిగాడండి, తిరిగాడు, చినబాబు చీలమండ పట్టేశాడు..."

ఆ మాట దగ్గర ఆమె గొంతు ఎప్పుడూ కాస్త తడబడుతుంది. ఇవాళా తడబడింది. కానీ ఆపలేదు.

"పట్టేశాడండి, మిగతావాళ్ళు మీద పడ్డారు, జయపాల్ చెయ్యి చాపుతున్నాడు గీత కోసం, జానెడు దూరం, కూత ఉందండి ఇంకా, వినపడుతోంది, జయపాల్ పాకుతున్నాడు, పాకుతున్నాడు..."

ఆమె ఊపిరి అయిపోయింది. మైకు ఆగింది. పద్ధతి ప్రకారం కింద కుర్రాడి కూత కూడా ఆగాలి, విజిల్ మోగాలి, కుప్ప విడిపోవాలి.

కూత ఆగింది. విజిల్ మోగలేదు. కుప్ప విడలేదు.

నాగదుర్గ కుర్చీలోంచి లేచి మంచె అంచుకొచ్చి చూసింది. పైనుంచి చూస్తే అంతా స్పష్టంగా ఉంది. నలుగురు కుర్రాళ్ళు జయపాల్ నడుం మీదా కాళ్ళ మీదా పడి ఉన్నారు. చినబాబు వాడి తల దగ్గర మోకాళ్ళ మీద ఉన్నాడు. ఎడమ అరచెయ్యి జయపాల్ నోటి మీద ఉంది. కుడి మోచెయ్యి గొంతు మీద ఉంది. కాళ్ళ మీదున్న కుర్రాడు జారడంతో జయపాల్ మడమలు బయటపడ్డాయి. అవి మట్టిని టపటపా కొడుతున్నాయి. చేపని గట్టు మీద పడేస్తే కొట్టుకున్నట్టు కొడుతున్నాయి.

కూత ఆపడానికి నోరు మూయకూడదు. గొంతు నొక్కకూడదు. ఆరో తరగతి పిల్లాడికి మొదటి రోజు చెప్పే మాట అది.

మాస్టారు రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. విజిల్ నోట్లోనే ఉంది. ఆయన కళ్ళు కుప్ప మీద లేవు. కుర్చీల వరసలో ముందు కూర్చున్న వెంకటరాజు మీద ఉన్నాయి.

"మాస్టారండి" అంది నాగదుర్గ మైకులో. "విజిల్ వెయ్యండి."

జనంలో గొణుగుడు మొదలైంది.

"నా ఊపిరి అయిపోయి చాలాసేపైందండి. వాడికింకా ఊపిరాడట్లేదు. చినబాబు చెయ్యి జయపాల్ నోటి మీద ఉంది. మోచెయ్యి గొంతు మీద ఉంది. ఇది పట్టు కాదండి. ఇక్కణ్ణుంచి నాకు కనపడుతోంది, మీకు కనపడట్లేదా మాస్టారండి? విజిల్ వెయ్యండి!"

"ఏయ్ దుర్గా!" కింద కమిటీ కుర్చీల్లోంచి ఎవరో అరిచారు. "ఆట చెప్పు. తీర్పులు చెప్పకు!"

"ఆటే చెప్తున్నానండి. ఇప్పుడు కాళ్ళు కొట్టుకోవడం తగ్గింది. కుడికాలు ఆగిపోయింది. ఎడమకాలు ఒక్కటే..."

ఆ ముక్క వింటూనే ఆడవాళ్ళ వైపు నించి ఒక మనిషి గీతల చుట్టూ కట్టిన తాడు దాటుకుని పరిగెత్తుకొచ్చింది. జ్ఞానమ్మ. కొడుక్కి అన్నం తెచ్చిన స్టీలు క్యారేజీ ఇంకా చేతిలోనే ఉంది. క్యారేజీ రెండు చేతుల్తో ఎత్తి చినబాబు చెవి మీద కొట్టింది. గిన్నెలు విడిపోయాయి. చారు, అన్నం, నెత్తురు కలిసి చినబాబు మెడ మీదుగా కారాయి. వాడు పక్కకి ఒరిగాడు. ఆమె రెండో దెబ్బ వేసింది, ఖాళీ గిన్నెతో. అప్పటికి నలుగురు కుర్రాళ్ళూ లేచి పారిపోయారు.

జయపాల్ కదల్లేదు.

జ్ఞానమ్మ కొడుకుని బోర్లా తిప్పి వీపు మీద గుద్దింది. మళ్ళీ గుద్దింది. "పీల్చరా! నాయనా, పీల్చు!" అంటూ గుద్దుతోంది. నాగదుర్గ మంచె కొయ్య పట్టుకుని నిలబడింది. తను ఊపిరి పీల్చడం మానేసిందని ఆమెకి తెలియలేదు.

జయపాల్ ఒళ్ళు ఒక్కసారి విరుచుకుంది. నోట్లోంచి మట్టీ నురగా పడ్డాయి. తర్వాత ఒక చప్పుడు వచ్చింది, చేతిపంపులో నీళ్ళు రాకముందు గాలి లాగినట్టు.

"ఊపిరొచ్చిందండి" అంది నాగదుర్గ మైకులో. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. "జయపాల్ కి ఊపిరొచ్చింది. మెట్టరేవులో వింటున్నవాళ్ళు కంగారు పడకండి. మీ పిల్లాడు బతికాడు. వాళ్ళమ్మ బతికించుకుంది."

ఆ మాట ఆగిందో లేదో, మెట్టరేవు వాళ్ళు తాళ్ళు తెంపుకుని లోపలికి వచ్చిపడ్డారు. తాటిగరువు వాళ్ళు కుర్చీలు మడిచి ఎదురెళ్ళారు. తాళ్ళు కట్టిన ఇనుప మేకులు పెరికిన వాడు ఒకడు, సైకిలు చైను తీసినవాడు ఒకడు. ఒక మనిషి పళ్ళు ఊడి సున్నపు గీత మీద పడ్డాయి. పూతరేకులు అమ్ముకుంటున్న ఆత్రేయపురం ముసలాయన బుట్ట నెత్తిన పెట్టుకుని గోడ దూకుతుంటే, ఎవరిదో చెప్పు వచ్చి బుట్టలో పడింది. కమిటీ మెంబరు ఒకాయన షామియానా గుంజని కౌగలించుకుని, గుంజతో సహా కిందపడ్డాడు. షామియానా కూలింది. దాని కింద మనుషులు కొట్టుకుంటున్నారో, బయటికి రావాలని పెనుగులాడుతున్నారో తెలియడం లేదు.

ఆ గొడవలోంచి వెంకటరాజు మంచె వైపు నడిచి వస్తున్నాడు. పరిగెత్తడం లేదు. తెల్లటి చొక్కా మీద మరకైనా లేదు. ఆయన వస్తుంటే కొట్టుకునేవాళ్ళు కూడా తప్పుకుని దారిచ్చి, మళ్ళీ కొట్టుకుంటున్నారు.

నాగదుర్గకి మంచె దిగి పారిపోవడానికి వెనక వైపు దారుంది. మైకు వదిలేస్తే చాలు. ఒక్క క్షణం ఆ దారి వైపు చూసింది. అటు వైపే డాబా, డాబా పక్కన కొబ్బరిచెట్టు, చెట్టు మీద ఇవాళ తనే ఎక్కి కట్టిన హారన్ ఉన్నాయి.

కుర్చీలో కూర్చుంది. ఊపిరి పీల్చింది.

"ప్రెసిడెంటు వెంకటరాజు గారు మంచె దగ్గరికి వస్తున్నారండి. చేతిలో ఏమీ లేదు. మొదటి మెట్టు ఎక్కారు. ముఖం ఎర్రగా ఉంది. రెండో మెట్టు ఎక్కారు. నన్నే చూస్తున్నారు..."

"ఆపు."

"ఆపమంటున్నారండి. పైకొచ్చేశారు. చెయ్యెత్తారు..."

చెంప మీద పడిన దెబ్బకి ఆమె కుర్చీతో సహా వెనక్కి పడింది. పలక అంచు తగిలి నుదురు చిట్లింది. మైకు చేతిలోంచి జారలేదు. పడుకునే నోటి దగ్గర పెట్టుకుంది.

"కొట్టారండి. ఎడమ చెంప. నెత్తురొస్తోంది. బల్ల చుట్టూ తిరిగి వస్తున్నారు..."

ఆమె మాట మైదానం నాలుగు వైపులా హారన్లలో మోగుతోంది. కొట్టుకునేవాళ్ళు ఒక్కొక్కరే ఆగి తలలెత్తి చూస్తున్నారు. వెంకటరాజు అది గమనించాడు. ఆమెని వదిలేసి బల్ల కిందికి వంగాడు. యాంప్లిఫైయర్ వెనక నించి హారన్లకి వెళ్ళే లావుపాటి నల్ల తీగ రెండు చేతుల్తో పట్టుకుని గుంజాడు. చిటపటమని నిప్పురవ్వలు లేచాయి. హారన్లు గుర్రుమని మూగపోయాయి.

"కూతెయ్యవే ఇప్పుడు" అన్నాడు. "ఎవడికి వినపడుద్దో చూస్తాను."

నాగదుర్గ యాంప్లిఫైయర్ వైపు చూసింది. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. దాని పక్కనించి సన్నటి తెల్ల తీగ ఒకటి పలకల సందులోంచి కిందికి దిగి, గోడ మీదుగా వెళ్ళిపోతోంది. చంద్రరావు తీగ.

"కూత ఆగలేదండి" అంది మెల్లగా, మైకులో.

గోడ అవతల సంపూర్ణమ్మ గారింట్లోంచి, కిటికీలోంచి, ఆమె గొంతే ఆమెకి తిరిగి వినపడింది. కూత ఆగలేదండి. సంపూర్ణమ్మ గారికి చెవుడు. టీవీ ఎప్పుడూ పెద్దగా పెడుతుంది.

వెంకటరాజుకి అది వినపడలేదు. ఆయన ఆయాసంతో రొప్పుతున్నాడు, చెవుల్లో సొంత రక్తమే హోరెత్తుతోంది. పీకిన నల్ల తీగ ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని రెండు చుట్లు తిప్పి ఆమె మెడకి వేశాడు.

"మూడేళ్ళు ఓర్చుకున్నానే. మొగుడు పోయినదానివి, ఏదో పొట్టపోసుకుంటున్నావు, పోన్లే అనుకున్నాను. నా కొడుకుని పది ఊళ్ళ ముందు హంతకుణ్ణి చేస్తావా?"

తీగ బిగిసింది. నాగదుర్గ ఎడమచేతి వేళ్ళు రెండు తీగ కిందికి దూర్చింది. అంతే దూరాయి. వాటి మీదే ఊపిరి నిలబడి ఉంది. మోకాలితో ఆయన కడుపులో పొడిచింది. ఆయన ఆమె తలని యాంప్లిఫైయర్ అంచుకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఒక కన్నులో నెత్తురు నిండి చూపు పోయింది. రెండో కన్నుతో ఎర్రదీపాన్నే చూస్తోంది.

అడగాల్సింది ఒక్కటే ఉంది. మూడేళ్ళుగా ఆ ఒక్కటీ గొంతులోనే ఉంది.

"మా ఆయన" అంది. మాట గీరుకుంటూ వచ్చింది. "మా ఆయన కాలు పట్టుకుంది మీరేనాండి?"

వెంకటరాజు చేతులు ఒక్క క్షణం ఆగాయి.

ముఖ్య అతిథులు చాలామంది మైకుకి దూరంగా మాట్లాడతారు. వాళ్ళ మాట తప్పిపోకుండా, వాళ్ళకే తెలియకుండా మైకుని నోటి దగ్గరికి జరపడం నాగదుర్గ చేతికి అలవాటైన పని. ఇప్పుడూ కుడిచెయ్యి ఆ పనే చేసింది. పలకల మీదుగా మెల్లగా లేచి, ఆయన గడ్డం కింద ఆగింది. వెంకటరాజు మైకుని చూశాడు, నవ్వాడు. మూగపోయిన మైకు. దాన్ని పక్కకి తొయ్యాలని కూడా అనిపించలేదు ఆయనకి.

"తెలుసుకుని ఏం చేస్తావే? ఆఁ, నేనే. నీ మొగుడు చేసింది చిన్న పనా? పెళ్ళైన నా పెద్దకొడుకుని పదో తరగతని చెప్పి మా స్కూలు తరఫున ఆడిస్తే, 'ఈ పదో తరగతి కుర్రాడి పెళ్ళికి మైకు సెట్టు నాదేనండి, పప్పూ గారెలూ బాగున్నాయి' అని మైకులో కూశాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. జట్టుని తీసేశారు. తల ఎత్తుకోలేకపోయాను. సాయంత్రం డాబా మీదికెళ్ళి, తప్పైందని దిగొచ్చి కాళ్ళు పట్టుకోరా అన్నాను. చెట్టు మీంచి నవ్వాడు. ఏం నవ్వో అది! దిగుదామని, డాబా మీంచి చెట్టుకి వేసుకున్న నిచ్చెన కోసం కాలితో వెతుక్కున్నాడు. నిచ్చెన లేదు. ఆ కాలు నా చేతికందింది. వాడు నా కాళ్ళు పట్టుకోవాలి గానీ, నేను వాడి కాలు పట్టుకుని బతిమాలతానా? లాగాను. ఒక్క గుంజు. డాబా అవతల పడ్డాడు."

నాగదుర్గ కళ్ళు మూసుకుంది.

"నిచ్చెన" అంది. "నిచ్చెన... తీసిందెవరు?"

వెంకటరాజు ఆమె చెవి దగ్గరికి వంగాడు. మైకు కూడా అటే జరిగింది.

"మీ గుమ్మంలో కూర్చుని గుక్కపట్టి ఏడ్చాడే, నీకు పనులిప్పిస్తాడే, ఆ మాస్టారే. ఉద్యోగం పర్మినెంటు చేయిస్తానన్నాను. నిచ్చెన పట్టుకుని పక్కన పెట్టాడు. బంగారం లాంటి మనిషి. చెప్పిన మాట వింటాడు. నువ్వూ విని ఉంటే..."

"నాన్నా!"

కింద నించి వచ్చింది ఆ కేక. చినబాబు. చెవి చీలిపోయి, మెడంతా చారు మెతుకులతో మంచె దగ్గర నిలబడి ఉన్నాడు. ఏడుస్తున్నాడు. పదిహేనేళ్ళ పిల్లాడు ఏడ్చినట్టే ఏడుస్తున్నాడు.

"నాన్నా, ఆపు! టీవీలో వస్తోంది నాన్నా! అన్నీ వస్తున్నాయి!"

అప్పుడు విన్నాడు వెంకటరాజు. మైదానంలో కొట్లాట ఎప్పుడు ఆగిందో ఆయనకి తెలియదు. ఇప్పుడక్కడ చప్పుడు లేదు. చుట్టూ ఉన్న ఇళ్ళలోంచి, పెంకుటిళ్ళలోంచి, డాబాల్లోంచి, సందు చివర టీ బడిలోంచి, కిటికీ కిటికీలోంచి తన కొడుకు ఏడుపు వస్తోంది. దాని వెనక తన ఆయాసం వస్తోంది. ఆయన ఊపిరి పీలిస్తే ఊరంతా పీల్చింది. వదిలితే ఊరంతా వదిలింది.

తీగ వదిలేశాడు. మైకుని చేత్తో కొట్టాడు. ఆ దెబ్బ కూడా ఇళ్ళన్నిట్లోంచి ధబ్బున మోగింది.

కింద జనం మంచె చుట్టూ చేరారు. మెట్టరేవు వాళ్ళెవరో, తాటిగరువు వాళ్ళెవరో ఇప్పుడు తెలియడం లేదు. అందరి ముఖాల మీదా నెత్తురే. వాళ్ళలో సత్తియ్య పాడె మోసినవాళ్ళు ఉన్నారు.

"తప్పుకోండి" అన్నాడు వెంకటరాజు. "తప్పుకోండ్రా. అదంతా కోపంలో అన్నమాట."

ఎవరూ తప్పుకోలేదు. ఆయన వెనక్కి తిరిగి మెట్టు మీద కాలు పెట్టాడు. రెండో కాలు కిందికి చాపి, మెట్టు కోసం వెతికాడు. గుంపులోంచి ఒక చెయ్యి లేచింది. ఆడదో మగదో తెలియదు, మట్టీ అన్నం మెతుకులూ అంటి ఉన్న చెయ్యి. అది ఆయన చీలమండ పట్టుకుంది. లాగింది.

ఒక్క గుంజు.

వెంకటరాజు గడ్డం మెట్టుకి కొట్టుకుంది. నాలుక పళ్ళ మధ్య పడి తెగింది. వెల్లకిలా నేల మీద పడ్డాడు. గుంపు ఆయన మీద మూసుకుంది. కాళ్ళు, మేకులు, మడిచిన కుర్చీలు లేచాయి. తెల్లచొక్కా కనపడటం మానేసింది. చినబాబు "నాన్నా, నాన్నా" అంటూ ఆ కాళ్ళ మధ్యలోకి దూరాలని చూస్తున్నాడు.

నాగదుర్గ మెడ మీది తీగ విప్పుకుంది. చర్మం తీగతో పాటు లేచి వచ్చింది. పాకి మైకు అందుకుంది. గొంతు తనదిలా లేదు. అయినా మాట వచ్చింది. కిటికీలన్నిట్లోంచీ వచ్చింది.

"ఆయన గొంతు మీద ఎవరి చెయ్యీ ఉండకూడదండి."

గుంపు ఆగింది.

"అక్కడ ఎవరో మోకాలు పెట్టారు. నాకు కనపడుతోంది. తియ్యండి. జ్ఞానమ్మా, ఆ మేకు కింద పడెయ్యి అమ్మా. నీ బిడ్డ బతికాడు. ఇప్పుడు చెప్పింది ఆయన కోర్టులో మళ్ళీ చెప్పాలి. ఆయన ఊపిరి నాకు కావాలి. దగ్గరికి పోనివ్వండి ఆ పిల్లాణ్ణి. వాళ్ళ నాన్న వాడికి కావాలి."

ఒకడు వెనక్కి జరిగాడు. తర్వాత ఇంకొకడు. జ్ఞానమ్మ చేతిలోని మేకు కింద పడింది. చినబాబు వెళ్ళి తండ్రి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. వెంకటరాజు నోటి నిండా నెత్తురు. ఛాతీ లేస్తోంది, పడుతోంది.

నాగదుర్గ బల్లకి ఆనుకుని కూర్చుంది. మూడేళ్ళ తర్వాత మొదటిసారి సత్తియ్య చావు ఆమె ఒక్కదానిదే కాకుండా పోయింది. ఏడవాలనుకుంది. ఏడుపు రాలేదు. ఒక చప్పుడు వినపడుతోంది.

సన్నటి చప్పుడు. ఆగి, మళ్ళీ వస్తోంది. గుంపులో ఒక్కొక్కరే ఆ చప్పుడు వైపు తలలు తిప్పారు.

ఆట గీతల మధ్యలో శివరామకృష్ణ మాస్టారు ఒక్కడే నిలబడి ఉన్నాడు. అంతసేపూ అక్కడే ఉన్నాడు. తెల్లటోపీ కింద ముఖం సున్నంలా ఉంది. విజిల్ ఇంకా నోట్లోనే ఉంది. తియ్యడం మర్చిపోయాడు. ఊపిరి వదిలినప్పుడల్లా అది పీలగా మోగుతోంది.

ఆయన వంగాడు. మూలన మిగిలిన ఇనుప మేకుని రెండు చేతుల్తో ఊపి పెరికాడు. చెయ్యంత పొడుగు ఉంది అది. దాన్ని కుడిచేతిలో పట్టుకుని మంచె వైపు నడవడం మొదలుపెట్టాడు.

గుంపు దారిచ్చింది. ఎందుకిచ్చిందో గుంపుకే తెలియదు. మూడేళ్ళుగా ఆ మైకు దగ్గరికి ఆయన వస్తుంటే దారివ్వడం వాళ్ళకి అలవాటు.

పీ... పీ... పీ...

ఆయన కళ్ళు నాగదుర్గ కళ్ళలోకే చూస్తున్నాయి. ఆ మేకు ఆమె కోసం తెస్తున్నాడో, కిందపడి ఉన్న వెంకటరాజు కోసమో, తన కోసమే తెచ్చుకుంటున్నాడో ఆ చూపులో లేదు. వెంకటరాజుని దాటాడు. ఆగలేదు. మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

నాగదుర్గ మైకు నోటి దగ్గర పెట్టుకుని, ఊపిరి నిండా పీల్చింది.

"మాస్టారు కూతకి వస్తున్నారండి..."